కారులో వదిలిన పిస్తోలు: అమెరికా చట్టాలు ఎక్కడ ఒకలా ఉన్నాయి, ఎక్కడ వేరుపడ్డాయి

2015 జూన్ 27న శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున ఆగి ఉన్న ఒక కారులో దొంగలు పడ్డారు. అది కేంద్ర ప్రభుత్వ భూముల శాఖలో పనిచేసే రేంజరు సొంత కారు. ఆయన ఉద్యోగరీత్యా వాడే పిస్తోలు అందులోంచి పోయింది. నాలుగు రోజుల తరువాత, జులై 1 సాయంత్రం, అదే పిస్తోలు నుంచి వెలువడిన గుండు ఆ నగర తీరంలో నీటి మీదికి కట్టిన పియర్ 14 మీద తండ్రితో కలిసి నడుస్తున్న 32 ఏళ్ల యువతిని బలి తీసుకుంది. నిందితుడు అనుమతి లేకుండా దేశంలో ఉంటున్న వలసదారు. దాంతో దేశమంతా వలసల గురించే వాదులాడుకుంది. ఆ పిస్తోలు ఆగి ఉన్న కారులోంచి వచ్చిందన్న సంగతి మీద మనసు పెట్టినవారు తక్కువ.

కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటర్ జెర్రీ హిల్ ఆ కొస పట్టుకున్నారు. ఆయన తెచ్చిన ఎస్‌బీ 869 బిల్లు 2016లో చట్టమైంది, 2017 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మనిషి దగ్గర లేనప్పుడు కారులో పిస్తోలును ఎలా ఉంచాలో చెప్పే ఆ చట్టం పోలీసులకు కూడా వర్తిస్తుంది. 2019లో కనెక్టికట్, 2022లో న్యూయార్క్ అదే దారి పట్టాయి. కొలరాడో చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పైపైన చూస్తే అన్నీ చెప్పేది ఒకటే, తాళం వేసి ఉంచమని. ఏ తాళం, దేనికి, కారులో ఏ మూల అని అడిగితే మాత్రం జవాబులు ఒకదానితో ఒకటి కలవవు. ఒక రాష్ట్రంలో పూర్తిగా చట్టబద్ధమైన పని సరిహద్దు దాటగానే నేరం కావచ్చు. ఈ విషయంలో జనం తికమక పడేది సరిగ్గా అక్కడే.

## పిస్తోలు కారులోకి ఎందుకు చేరుతుంది

మన దగ్గర ఈ ప్రశ్న దాదాపుగా తలెత్తదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు దొరకడమే కష్టం. 2019 సవరణ తరువాత ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు సాధారణంగా రెండే. ఎన్నికలొస్తే లైసెన్సు ఉన్న తుపాకిని కూడా పోలీసు స్టేషన్లో అప్పగించి రావలసి ఉంటుంది. అమెరికాలో 2024 నాటికి 29 రాష్ట్రాలు పిస్తోలును బట్టల చాటున పెట్టుకుని తిరగడానికి అనుమతి పత్రమే అక్కర్లేదన్నాయి. అంటే పాలు కొనడానికి వెళ్లే మనిషి నడుముకు కూడా పిస్తోలు ఉండవచ్చు.

ఆ మనిషికి రోజూ ఎదురయ్యే ఇబ్బంది చూడండి. పిల్లల బడిలోకి పిస్తోలుతో వెళ్లకూడదు. కోర్టులోకి వెళ్లకూడదు. విమానాశ్రయం తనిఖీ దాటి వెళ్లకూడదు. చాలా ఆస్పత్రులు, కార్యాలయాలు, క్రీడా మైదానాలు లోపలికి రానివ్వవు. అలాంటి గుమ్మం ముందుకు వచ్చేసరికి పిస్తోలును వదలడానికి అతనికి మిగిలే చోటు తన కారు ఒక్కటే. తపాలా కార్యాలయం దగ్గర ఆ చోటు కూడా లేదు. కేంద్ర నిబంధనల ప్రకారం వాళ్ల పార్కింగ్ స్థలంలో ఆపిన కారులో కూడా తుపాకి ఉంచకూడదు. ఆ నిబంధన మీద కొలరాడోలో ఒక తుపాకి యజమాని కోర్టుకెక్కితే, 2015లో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు నిబంధననే సమర్థించింది.

దీనికి మరో వైపు ఉంది. తమ పార్కింగ్ స్థలంలో కూడా తుపాకులు ఉండకూడదని కొన్ని కంపెనీలు షరతు పెట్టాయి. అలా పెట్టకూడదంటూ చాలా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. 2002లో ఒక్లహోమాలోని ఒక కాగితం మిల్లు, కార్లలో తుపాకులు దొరికాయని కొందరిని పనిలోంచి తీసేసింది. ఆ గొడవ 2004లో అక్కడ ఇలాంటి చట్టానికి దారితీసింది. కంపెనీలు సవాలు చేసినా 2009లో అప్పీలు కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. 2008లో ఫ్లోరిడా, 2013లో టెనెసీ కూడా ఇదే బాట పట్టాయి. ఉద్యోగి హక్కును కాపాడిన చట్టాలివి. పని గంటలంతా పార్కింగ్ స్థలాల్లో వరసగా ఆగి ఉండే కార్లలో తుపాకులు ఉండటానికి కూడా ఇవే కారణం.

ఇక అంకెలు. పోలీసు శాఖలు ఎఫ్‌బీఐకి పంపిన వివరాలను ఎవ్రీటౌన్ అనే సంస్థ విశ్లేషించింది. 2022లో 337 నగరాల్లో దాదాపు 1,12,000 తుపాకులు పోయినట్టు ఫిర్యాదులు వస్తే, వాటిలో సగానికి కాస్త ఎక్కువ, సుమారు 62,000, కార్లలోంచి పోయాయి. పదేళ్ల ముందు ఆ వాటా నాలుగో వంతుకు లోపే. ఎవ్రీటౌన్ తుపాకి నియంత్రణ కోరే సంస్థ అని పాఠకులు గుర్తుంచుకోవాలి. అయినా మూలం పోలీసుల వివరాలే, ధోరణి మీద పెద్దగా వివాదం లేదు. టెనెసీలోని నాష్‌విల్ పోలీసులైతే గత వారం కార్లలోంచి ఎన్ని తుపాకులు పోయాయో వారం వారం ప్రకటిస్తుంటారు.

## నాలుగు నిర్వచనాల మీద నిలబడ్డ చట్టం

కాలిఫోర్నియా చట్టాన్ని దగ్గరగా చదివితే మిగిలినవి సులువుగా అర్థమవుతాయి. అందులో బరువంతా నాలుగు నిర్వచనాల మీద ఉంది.

మొదటిది, మనిషి లేని కారు అంటే ఏది. యజమాని ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడన్న కొలత చట్టంలో లేదు. కారులోకి గాని అందులోని వస్తువుల దగ్గరకు గాని మరొకరు చేరకుండా ఆపగలిగినంత దగ్గరలో అతను లేకపోతే ఆ కారు మనిషి లేని కారే. పెట్రోలు బంకులో పక్కన నిలబడి ఇంధనం నింపుకుంటున్న మనిషి కారు దగ్గర ఉన్నట్టే. డబ్బు కట్టడానికి లోపలికి వెళ్లి, వరసలో నిలబడి, వెనక్కి తిరిగి చూడని మనిషి లేనట్టే. ఎంతసేపు అన్నది లెక్కలోకి రాదు.

రెండోది డిక్కీ. తాళం పడే డిక్కీలో పిస్తోలు ఉంచితే చట్టం తృప్తి పడుతుంది. ఏది డిక్కీ అన్న చోటే చాలామంది పొరబడతారు. మనుషులు కూర్చునే భాగంలోంచి చెయ్యి చాస్తే అందని, పూర్తిగా మూసి ఉన్న సామాను అర మాత్రమే డిక్కీ. హ్యాచ్‌బ్యాక్ వెనక భాగం డిక్కీ కాదు. ఎస్‌యూవీ వెనక భాగం కాదు. కిటికీ అద్దం ఉన్న ఏ అరా కాదు. ఇప్పుడు రోడ్ల మీద తిరిగే కార్లలో ఎస్‌యూవీలు ఎన్నో చూస్తే, ఎంతమంది యజమానులకు చట్టం చెప్పే డిక్కీ అసలు లేదో తెలుస్తుంది.

మూడోది తాళం వేసిన పెట్టె. అన్ని వైపులా మూసి ఉండాలి, తాళంకప్పతో గాని, తాళంచెవితో గాని, అంకెల తాళంతో గాని బిగించి ఉండాలి. ముందు సీటు ఎదురుగా డాష్‌బోర్డులో ఉండే అరకు, అదే గ్లవ్ బాక్స్‌కు, తాళం ఉన్నా అది పెట్టె కింద లెక్కకు రాదని చట్టం స్పష్టంగా చెప్పింది.

నాలుగోది కంటికి కనబడటం. పెట్టెను బయటివారి కంటబడని చోట ఉంచాలి. కిటికీ అద్దానికి ముఖం ఆనించి లోపలికి తొంగి చూస్తే కనబడే ప్రతి చోటూ కనబడే చోటే. అద్దాలు నల్లవైనా సరే, టార్చి వేసి చూసినా సరే. ఈ నిర్వచనం రాసినవారు రాత్రివేళ పార్కింగ్ స్థలంలో దొంగ ఏం చేస్తాడో బాగా ఊహించి రాశారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫ్రీమాంట్‌లో గ్రీన్ కార్డు ఉన్న ఒకాయన ఆదివారం షూటింగ్ రేంజికి వెళ్లి వస్తూ, కూరగాయల కోసం భారతీయ దుకాణం ముందు ఆగారనుకోండి. ఆయనది హ్యాచ్‌బ్యాక్. తూటాలు తీసేసిన పిస్తోలు, తాళం వేసిన గట్టి పెట్టెలో, వెనక సామాన్ల చోట పైకే కనబడుతూ ఉంది. ఇంటి దారిలో ఉన్నంతసేపు ఆయన తప్పేమీ చేయలేదు, రవాణా నియమం అంతవరకే అడుగుతుంది. కారు దిగి దుకాణంలోకి అడుగు పెట్టగానే మరో నియమం మొదలవుతుంది. హ్యాచ్‌బ్యాక్ వెనక భాగం డిక్కీ కాదు కాబట్టి పెట్టె అద్దాల్లోంచి కనబడకూడదు. అదే పెట్టె సీటు కిందికి నెట్టి, బయటి నుంచి చూసేవారికి ఏమీ తెలియకుండా ఉంచితే సరిపోయేది. పిస్తోలు అదే, పెట్టె అదే, తాళం అదే. తేడా అంతా పెట్టె ఎక్కడుందన్నదే.

ఉల్లంఘిస్తే శిక్ష 1,000 డాలర్ల వరకు జరిమానా. జైలు లేదు. పోలీసు అధికారులకు ఒక మినహాయింపు ఉంది, అదీ ఇరుకైనది. విధి నిర్వహణలో తక్షణం పరుగెత్తి సాయపడవలసి వచ్చినప్పుడు తాళం వేయలేదని వాళ్లను తప్పుపట్టరు.

## ఒకే అర, నాలుగు జవాబులు

తాళం వేసిన డాష్‌బోర్డు అరలో పిస్తోలు పెట్టి, కారు తాళం వేసి, యజమాని కోర్టు భవనంలోకి వెళ్లాడు. అతనికి ఆయా రాష్ట్రాల్లో కావలసిన అనుమతులన్నీ ఉన్నాయని అనుకుందాం.

కాలిఫోర్నియాలో ఇది ఉల్లంఘన, పైన చూశాం. కనెక్టికట్‌లో చట్టబద్ధం. అక్కడి 2019 చట్టం డిక్కీ, తాళం వేసిన సేఫ్, తాళం వేసిన డాష్‌బోర్డు అర మూడింటినీ ఒప్పుకుంటుంది. కాని అక్కడ తప్పితే దెబ్బ పెద్దది. మొదటిసారి జైలుకు వీలున్న నేరం, మళ్లీ చేస్తే పెద్ద నేరాల జాబితాలోకి వెళుతుంది. న్యూయార్క్‌లో ఈ అర పనికిరాదు, చట్టం దాన్ని పేరుపెట్టి తోసిపుచ్చింది. అంతేకాదు, పిస్తోలులోంచి తూటాలు కూడా తీసేసి, బయటికి కనబడని భద్రమైన పెట్టెలో తాళం వేయాలి. ఫ్లోరిడాలో మాత్రం ఆ అరకు తాళమే అక్కర్లేదు. కారులో ఆయుధాన్ని భద్రంగా కప్పి ఉంచడం అంటే ఏమిటో చెబుతూ అక్కడి చట్టం, తాళం ఉన్నా లేకున్నా డాష్‌బోర్డు అర చాలంటుంది. బొత్తాం పెట్టిన పిస్తోలు ఒర అయినా చాలు.

ఫ్లోరిడా నిర్వచనాన్ని దొంగల భయంతో రాయలేదు. పిస్తోలు వాడకానికి వెంటనే చేతికి అందే స్థితిలో ఉందా లేదా అన్నది తేల్చడానికి రాశారు. కనెక్టికట్ నిర్వచనం దొంగను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఒకే వస్తువు గురించి రెండు చట్టాలు రెండు వేర్వేరు భయాలతో మాట్లాడుతున్నాయి. అందుకే వాటిని పక్కపక్కన పెట్టి ఏది కఠినమని కొలిస్తే సరైన జవాబు రాదు.

కొలరాడో కూడా పిస్తోలుకు తాళం వేసిన గట్టి గోడల పెట్టె ఉండాలని, అది కంటికి కనబడకూడదని, కారుకు తాళం ఉండాలని అడుగుతుంది. తప్పితే 500 డాలర్ల వరకు జరిమానా, అదీ సివిల్ ఉల్లంఘన కింద.

వీటన్నిటి పైన 1986 నాటి కేంద్ర చట్టం ఒకటుంది. బయలుదేరే చోటా, చేరే చోటా తుపాకి ఉంచుకునే హక్కున్న మనిషి మధ్యలో కఠిన రాష్ట్రం మీదుగా వెళుతుంటే అది రక్షణ ఇస్తుంది. షరతులు ఉన్నాయి. తుపాకిలో తూటాలు ఉండకూడదు. కూర్చున్న చోటి నుంచి తుపాకి గాని తూటాలు గాని అందకూడదు. విడిగా డిక్కీ లేని కారైతే తాళం పెట్టెలో ఉండాలి, డాష్‌బోర్డు అర, సీట్ల మధ్య ఉండే అర లెక్కలోకి రావు. ఈ రక్షణ ప్రయాణానికి ఇచ్చింది. మధ్యలో ఊరు చూద్దామని రెండు రోజులు ఆగిన మనిషి దాన్ని నమ్ముకుంటే చిక్కుల్లో పడతాడు.

## తప్పు ఎప్పుడు బయటపడుతుంది

ఈ చట్టాల బలహీనత ఇక్కడుంది. సీటు కింద ఉన్న పిస్తోలు పెట్టెలో ఉందో లేదో దారిన పోయే పోలీసుకు తెలియదు. తెలుసుకోవడానికి ఆగి ఉన్న కార్లన్నీ సోదా చేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదు. కాబట్టి ఉల్లంఘన ఎక్కువగా బయటపడేది దొంగతనం జరిగాకే, యజమాని ఫిర్యాదుకు వచ్చినప్పుడు. ఆ ఫిర్యాదే అతని మీద సాక్ష్యం అవుతుంది.

జరిమానా భయంతో యజమాని ఫిర్యాదే చేయకపోతే ఏమవుతుంది? దీనికి జవాబు అర్థం కావాలంటే తుపాకి ఆచూకీ ఎలా తీస్తారో తెలియాలి. నేరస్థలంలో పిస్తోలు దొరికితే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ దాని మీది సీరియల్ నంబరు పట్టుకుని తయారీదారును అడుగుతుంది. తయారీదారు ఏ దుకాణానికి పంపారో చెబుతారు. దుకాణం మొదట కొన్న మనిషి పేరు చెబుతుంది. సాధారణంగా దారి అక్కడితో ఆగిపోతుంది. ఆ మనిషి దగ్గరి నుంచి అది ఎప్పుడు, ఎలా పోయిందో రికార్డులో లేకపోతే దర్యాప్తు గోడకు కొట్టుకున్నట్టే. దొంగతనం జరిగిన రోజే ఫిర్యాదు వచ్చి, సీరియల్ నంబరు జాతీయ నేర సమాచార జాబితాలోకి ఎక్కి ఉంటే, మరో రాష్ట్రంలో ట్రాఫిక్ తనిఖీలో దొరికినా అది దొంగసొత్తు అని నిమిషాల్లో తెలుస్తుంది. సీరియల్ నంబరు ఎక్కడా రాసిపెట్టుకోని యజమాని ఫిర్యాదు చేసినా ఈ మేలు జరగదు.

తుపాకుల దుకాణాలు దొంగతనం గురించి 48 గంటల్లో చెప్పాలని కేంద్ర చట్టం ఉంది. మామూలు యజమానికి కేంద్ర స్థాయిలో అలాంటి బాధ్యత లేదు. అందుకే కొన్ని రాష్ట్రాలు నిల్వ చట్టానికి తోడుగా ఫిర్యాదు గడువు కూడా పెట్టాయి. కనెక్టికట్, ఒరెగాన్‌లలో 72 గంటలు, కొలరాడోలో ఐదు రోజులు. కాలిఫోర్నియాలో 2016లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 63 కూడా ఐదు రోజుల గడువుతోనే మొదలైంది. గడువు ఉన్నచోట ఫిర్యాదు చేయడం ప్రమాదమే, చేయకపోవడం కూడా ప్రమాదమే. నా దృష్టిలో తాళం వేయమన్న నియమం, ఫిర్యాదు గడువు జంటగా ఉంటేనే నిల్వ చట్టానికి అర్థం ఉంటుంది. మొదటిది మాత్రమే చేసి వదిలేస్తే దొంగసొత్తు గురించి పోలీసులకు అందే సమాచారం తగ్గే అవకాశం ఉంది.

జాగ్రత్తపడే యజమానికి కేంద్ర చట్టంలో ఒక మేలు ఉంది, దీని గురించి తెలిసినవారు తక్కువ. 2005 నాటి చట్టం ప్రకారం పిస్తోలు అమ్మే దుకాణం దానితో పాటు తాళమో, భద్రపరిచే సాధనమో తప్పనిసరిగా ఇవ్వాలి. ఆ తాళం వేసి ఉండగా మరొకరు అనుమతి లేకుండా పిస్తోలు తీసుకెళ్లి అఘాయిత్యం చేస్తే, నష్టపరిహారం కోరుతూ యజమాని మీద వేసే దావాల నుంచి ఆ చట్టం చాలావరకు కాపాడుతుంది.

## రెండు వైపులా ఉన్న వాదనలు

చట్టం కావాలనేవారి మాట సూటిగా ఉంటుంది. దొంగకు కొన్ని క్షణాలే ఉంటాయి. అద్దం పగిలాక అలారం మోగుతుంది, జనం తిరిగి చూస్తారు. సీటు ఇనుప చట్రానికి ఉక్కు తీగతో బిగించిన పెట్టె ఉంటే దాన్ని ఊడదీసే తీరిక అతనికి ఉండదు. అలాంటి పెట్టె ధర కొన్ని పదుల డాలర్లు. పోయిన పిస్తోలు వల్ల ప్రాణం పోగొట్టుకునేది ఎక్కడో ఉన్న అపరిచితుడు, కాబట్టి ఇది యజమాని సొంత నష్టం మాత్రమే అనుకోవడానికి లేదు.

వ్యతిరేకించేవారి వాదనలన్నీ ఒక్క బరువుతో లేవు. దొంగతనానికి గురైన మనిషినే శిక్షించడం అన్యాయం అన్నది వాళ్లు ఎక్కువగా చెప్పేది, జనానికి త్వరగా తగిలేది. దానికన్నా గట్టి వాదన మరొకటి ఉంది. నడుముకున్న పిస్తోలును ప్రతి గుమ్మం ముందూ బయటికి తీయడం, తూటాలు తీయడం, పెట్టెలో పెట్టడం, తిరిగి వచ్చాక మళ్లీ నింపుకోవడం. ఇరుకైన కారు సీట్లో రోజుకు ఇన్నిసార్లు చేతులు మారే ఆయుధం పొరపాటున పేలే ప్రమాదం పెరుగుతుంది. పార్కింగ్ స్థలంలో ఎవరైనా గమనిస్తుంటే ఏ కారులో పిస్తోలు ఉందో వాళ్లకు చూపించినట్టే అవుతుంది. కాబట్టి పిస్తోలు నిషేధించిన చోట్లు తగ్గిస్తే కారులో వదలవలసిన అవసరమే తగ్గుతుందని వాళ్లంటారు. అలా చేస్తే బడుల్లో, ఆస్పత్రుల్లో తుపాకులు పెరుగుతాయని అవతలివారు భయపడతారు. ఆ భయం కొట్టిపారేయదగింది కాదు.

అవసరానికి పిస్తోలు అందదన్న వాదన ఇంటి విషయంలో బరువైనది. ఇక్కడ అంత బరువు లేదు. ఈ చట్టాలు మాట్లాడేది యజమాని కారులో లేని సమయం గురించి. అతను లేని చోట ఉన్న ఆయుధం ఆత్మరక్షణకు ఎలాగూ పనికిరాదు.

రుజువుల సంగతి చూస్తే, పిల్లల చేతికి అందకుండా తుపాకి భద్రపరచమనే చట్టాలు చిన్నవయసువారి తుపాకి ఆత్మహత్యలను, ప్రమాదాలను తగ్గిస్తాయనడానికి బలమైన ఆధారాలున్నాయని రాండ్ అనే పరిశోధన సంస్థ సమీక్షలు తేల్చాయి. అవి ఇంట్లో పిల్లల గురించి. కారు దొంగతనాలకు ఆ ఫలితాన్ని ఎత్తి తెచ్చి అతికించడం సరికాదు. చట్టాన్ని సమర్థించేవారు కొందరు ఇలా చేస్తుంటారు.

శిక్షకు బదులు ప్రోత్సాహకాలు అన్నది మూడో దారి. 2023 మార్చిలో నాష్‌విల్ బడిలో కాల్పుల తరువాత టెనెసీ శాసనసభ ఆగస్టులో ప్రత్యేకంగా సమావేశమైంది. ఉచితంగా తుపాకి తాళాలు పంచడానికి, తుపాకి సేఫ్‌ల మీద అమ్మకం పన్ను ఎత్తేయడానికి ఒప్పుకుంది. వర్జీనియాలో గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ 2023లో భద్రతా పెట్టె కొన్నవారికి 300 డాలర్ల వరకు పన్ను రాయితీ ఇచ్చే బిల్లు మీద సంతకం పెట్టారు. మనిషి లేని కారులో పిస్తోలు బయటికి కనబడేలా వదిలితే జరిమానా వేయాలన్న బిల్లు 2024లో వస్తే దాన్ని వీటో చేశారు. ఆయన ఎక్కడ గీత గీశారో ఈ రెండు నిర్ణయాలు చూస్తే తెలుస్తుంది.

## నగరం కోరుకుంటే సరిపోతుందా

దొంగతనాలు ఎక్కువగా జరిగేది నగరాల్లో. చట్టం చేసే అధికారం చాలావరకు రాష్ట్రానిది. తుపాకుల మీద నగరాలు సొంత నియమాలు పెట్టకూడదని ఎన్నో రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. 2024 ఏప్రిల్‌లో జార్జియాలోని సవానా నగరం, తాళం వేయని కారులో తుపాకి వదిలితే 1,000 డాలర్ల వరకు జరిమానా, 30 రోజుల వరకు జైలు అంటూ నియమం చేసింది. అక్కడ కార్లలోంచి పోయిన తుపాకుల్లో చాలావరకు అసలు తాళమే వేయని కార్లలోవి అని పోలీసులు చెప్పారు. నియమం అడిగింది కారు తలుపుకు తాళం వేయమని, అంతే. అయినా ఇది రాష్ట్ర చట్టానికి విరుద్ధమని జార్జియా అటార్నీ జనరల్ క్రిస్ కార్ నగరాన్ని హెచ్చరించారు. టెనెసీలోని మెంఫిస్ నగరంలో 2024 నవంబరులో ఓటర్లు తుపాకి నియంత్రణ ప్రతిపాదనలను భారీ ఆధిక్యంతో ఆమోదించారు. రాష్ట్ర చట్టం అడ్డుగా ఉండటంతో అవి వెంటనే అమలయ్యే దారి లేకపోయింది.

## రాజ్యాంగం దగ్గర తేలవలసింది

2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు, ఇంట్లో తుపాకిని ఎప్పుడూ విప్పదీసి గాని, తాళంతో గాని ఉంచాలన్న వాషింగ్టన్ నగర నియమాన్ని కొట్టేసింది. అదే తీర్పులో, ప్రమాదాలు నివారించడానికి నిల్వను నియంత్రించే చట్టాలు చెల్లవని తమ ఉద్దేశం కాదని కూడా రాసింది. రెండు పక్షాలూ నేటికీ ఈ తీర్పులోంచి తమకు కావలసిన వాక్యాన్ని తీసుకుంటున్నాయి.

2022లో బ్రూయెన్ తీర్పు కొలమానాన్నే మార్చింది. తుపాకి నియమం నిలవాలంటే అమెరికా చరిత్రలో దానికి పోలిక ఉన్న సంప్రదాయం చూపించాలంది. 18వ శతాబ్దంలో కార్లు లేవు. కాని అప్పట్లో పట్టణాల్లో అగ్నిప్రమాదాల భయంతో తుపాకి మందు నిల్వ మీద నియమాలుండేవి. నిల్వ చట్టాల పక్షాన వాదించేవారు వాటినే చూపిస్తారు. మంటల భయం, దొంగల భయం ఒకటి కావని అవతలివారంటారు. 2024లో రహిమీ కేసులో అదే కోర్టు 8-1 తేడాతో, అచ్చంగా అలాంటి పాత చట్టమే ఉండనక్కర్లేదు, మూలసూత్రం కలిస్తే చాలని వివరించింది. ఆ వివరణ నిల్వ చట్టాలకు కొంత ఊరట.

## వీసా మీద ఉన్న తెలుగువారికి ఇందులో పాత్ర

ఈ విషయం తెలుగువారిని నేరుగా తాకే చోటు ఒకటుంది, దాని గురించి మనవాళ్లలో తగినంత చర్చ జరగడం లేదన్నది నా బాధ. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం కింద నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారి వంటి కొద్దిమందికే మినహాయింపు. శిక్ష 2022 నుంచి 15 ఏళ్ల వరకు జైలు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు.

ఒకే ఇంట్లో అద్దెకుంటున్న ఇద్దరు స్నేహితులను ఊహించండి. ఒకరికి గ్రీన్ కార్డు ఉంది, పిస్తోలు ఉంది. మరొకరు హెచ్-1బీ మీద ఉన్నారు. మొదటి ఆయన కారు తాళంచెవులు ఇచ్చి, విమానాశ్రయం నుంచి చుట్టాలను తీసుకురమ్మన్నారు. పిస్తోలు సీటు కింద ఉంది. రెండో ఆయనకు ఆ సంగతి ఏమాత్రం తెలియకపోతే నేరం రుజువు కావడం కష్టం, ఎందుకంటే తెలిసి దగ్గర ఉంచుకోవడమే నేరం. సీటు కింద ఏముందో తెలిసి కారు నడిపితే, చేత్తో ముట్టుకోకపోయినా అది తన అధీనంలో ఉన్నట్టే ప్రాసిక్యూటర్ వాదించగలరు. దాన్ని తాళం పెట్టెలో ఉంచి, తాళంచెవి యజమాని తన దగ్గరే పెట్టుకుని ఉంటే ఆ వాదన బలం తగ్గుతుంది. 2019లో రెహైఫ్ కేసులో సుప్రీంకోర్టు మరో మాట కూడా తేల్చింది. తుపాకి ఉందని తెలియడమే కాక, తాను నిషేధిత వర్గంలో ఉన్నానని కూడా నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలి. ఆ కేసులోని నిందితుడు విద్యార్థి వీసా మీద వచ్చి, విశ్వవిద్యాలయం నుంచి తొలగింపుకు గురై, ఆ తరువాత షూటింగ్ రేంజికి వెళ్లిన యువకుడు.

గ్రీన్ కార్డు ఉన్నవారికి పిస్తోలు ఉంచుకునే హక్కు ఉన్నా పౌరసత్వం వచ్చేవరకు మరో చిక్కు ఉంటుంది. చట్టాన్ని మీరి తుపాకి కలిగి ఉండటం, మోయడం వంటి నేరాల్లో శిక్ష పడితే, వలస చట్టం దాన్ని దేశం నుంచి పంపించడానికి విడి కారణంగా చూస్తుంది. కారులో నిల్వ ఉల్లంఘన దాని కిందికి వస్తుందా రాదా అన్నది ఆ రాష్ట్ర చట్టంలోని మాటలను, దాన్ని సివిల్ ఉల్లంఘన అన్నారా, నేరం అన్నారా అన్న దాన్ని బట్టి ఉంటుంది. కొలరాడోలో 500 డాలర్ల సివిల్ జరిమానాతో ముగిసే పొరపాటు కనెక్టికట్‌లో నేర చరిత్రగా రాసి ఉంటుంది. సివిల్ ఉల్లంఘనకు, నేరానికి మధ్య ఉన్న ఆ గీత పౌరుడైన పొరుగువాడికి, గ్రీన్ కార్డుదారుకు ఒకేలా ఉండదు.